నాతో ఐదు, వాళ్ళావిడతో నలభై

తలుపు తోయగానే కర్పూరం, పుదీనా కలిసినట్టు ఒక చల్లటి వాసన ముక్కుకు తగిలింది. సాయంత్రం నాలుగున్నర అయింది. నా చేతిలో ఐసు సంచి ఉంది. మంచం చుట్టూ నలుగురు ముసలాళ్ళు వరసగా నిలబడి, ఏదో మంచి పని ముగించినవాళ్ళలా నన్ను చూసి నవ్వారు. మంచం మీద మా వార్డు పెద్దాయన బనియను లేకుండా, దిండును పొట్టకు ఆనించుకుని కూర్చున్నాడు. ఆయన వీపు మెడ నుంచి నడుము దాకా నిగనిగా మెరుస్తోంది.

ప్రమాదం నాకు తెలిసింది ఆ క్షణంలోనే. అప్పటికింకా ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ నవ్వుతూనే ఉన్నారు.

"ఏం పెద్దాయనా, ఎట్లుంది?" అన్నాను.

"బా... బాగుండాదమ్మా" అన్నాడు.

మామూలుగా ఆ ప్రశ్న అడిగితే ఆయన నలభై ఏళ్ళ వెనక్కి పోయి, ఏదో గని షాఫ్టులో దిగి, ఇద్దరు దొరలను తిట్టి, తిరిగి మంచం మీదికి వచ్చేసరికి నా టీ చల్లారిపోయేది. ఆ రోజు ఒక్క మాట చెప్పడానికి రెండుసార్లు గాలి తీసుకున్నాడు.

ముందు నేనెవరో చెప్పాలి. కేజీఎఫ్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో ఏడేళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి, ఆరు నెలల కింద మానేశాను. ఏడేళ్ళకే జ్ఞాపకాలు రాయడమేంటని మా హెడ్ సిస్టర్ ఫోనులో నవ్వింది. ఆవిడ ముప్పై ఏళ్ళు చేసి కూడా డ్యూటీ రిపోర్టు తప్ప ఏమీ రాయలేదు. అయినా కొత్తగా వార్డుల్లో చేరుతున్న చెల్లెళ్ళకు ఈ ఒక్క సంగతీ చెప్పాలని కూర్చున్నాను. పిల్లలు పడుకున్నారు. ఈ కాస్త రాసేలోపల రెండుసార్లు లేచి వాళ్ళు ఊపిరి తీస్తున్నారో లేదో చూసొచ్చాను. తీస్తున్నారు.

నవ్వకండి. నేను అలాంటిదాన్నే. డ్యూటీలో ఉన్నప్పుడు ఇంటికి రోజుకు పదిసార్లు ఫోన్ చేసేదాన్ని. మా అత్త పదకొండోసారి ఎత్తేది కాదు. పెద్దది అప్పుడు ఒకటో క్లాసు, చిన్నోడికి మూడు నిండాయి. వాడు గోడ ఎక్కితే నాకు వార్డులో కాళ్ళు వణికేవి. మా హెడ్ సిస్టర్ తమిళం కలిపిన తెలుగులో, "ఏమ్మా, నీ పిల్లోడు అక్కడ ఎక్కితే నువ్వు ఇక్కడ పడతావా?" అనేది. పేషెంట్ల దగ్గర కూడా నేనంతే. ఎవరైనా "అబ్బా" అంటే నా ముఖం ముందు వాడిపోయేది, మందు తర్వాత వచ్చేది.

ఇక పెద్దాయన సంగతి. బంగారు గనిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. కప్పు కూలకుండా భూమి లోపల దుంగలు నిలబెట్టడం వాళ్ళ పని. అన్నేళ్ళ దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో కొంత మిగిలిపోయింది. నాలుగు మెట్లు ఎక్కితే ఆగేవాడు. గజ్జల్లో పేగు జారి, అంటే హెర్నియా, ఆపరేషన్ కోసం మా దగ్గరికి వచ్చాడు.

చేర్చుకునేటప్పుడు ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది. "చూడు తల్లీ, ఈయనకు నొప్పి మాత్ర పడదు. పెండ్లయిన కొత్తల్లో మోకాలి నొప్పికని ఒకటి మింగినాడు. అర గంటకు ఎద పిల్లికూతలు కూసింది. తర్వాత పంటి నొప్పికి సూది వేసినారు. పెదవులు ఇట్ల లేచినాయి, కన్ను మూసుకుపోయినాది. ఆ పొద్దు పోయినాడనే అనుకొంటిమి" అంది.

ఇది అరుదైన సంగతేం కాదు. మనం చాక్లెట్లలా పంచిపెట్టే నొప్పి మందుల్లో చాలావరకు ఒకే కుటుంబం. ఒకటి పడనివాళ్ళకు దాని అన్నదమ్ములు కూడా పడకపోవచ్చు. మా సర్జన్ ఆ కుటుంబం మొత్తాన్నీ కేసు షీటులో ఎర్ర సిరాతో కొట్టేశాడు. ఆపరేషన్ అయ్యాక మత్తు డాక్టరు కోత చుట్టూ మొద్దుబారే మందు వేశాడు. పారాసిటమాల్‌ను మొదట కొద్దిగా ఇచ్చి చూసి, పడిందని తేలాక గంటల లెక్కన డ్రిప్‌లో పెట్టాం. దానికంటే బలమైన మందు ఒకటి వేస్తే వాంతులయ్యాయి. కొత్త కుట్ల మీద వాంతులంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. దాన్ని ఆపేశారు. అంటే మా చేతిలో మిగిలినవి ఒక డ్రిప్, ఐసు సంచి, దగ్గు వస్తే పొట్టకు అదుముకోవడానికి ఒక దిండు, నా ముఖం.

ఆ చివరిదే పని చెడగొట్టిందని తర్వాత తెలిసింది.

నొప్పిని కొలవాలి కదా. సున్న నుంచి పది వరకు ఎంతో చెప్పమన్నాను. పెద్దాయన నన్ను జాలిగా చూశాడు.

"పదేమిటమ్మా? పది లెవెళ్ళంటే మాకు ఇంటి వాకిలి. నూటికి అడుగు, చెప్తాను."

గని లోపల అంతస్తులను లెవెల్ అంటారు. కిందికి పోయేకొద్దీ అంకె పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. పైన నేల మీద ఉంటే నొప్పి లేనట్టు, నూరో లెవెల్ అంటే ఇక ఓర్చుకోలేనట్టు అని ఒప్పందం చేసుకున్నాం. ఆ రాత్రి రిపోర్టులో "నొప్పి: ఐదో లెవెల్" అని రాశాను. పొద్దున్న రౌండ్స్‌లో సర్జన్ అది చదివి, "నేను డాక్టర్నా, మైనింగ్ ఇంజినీర్నా?" అన్నాడు. హెడ్ సిస్టర్ మూడు రోజులు నన్ను "ఏం మేడమ్, కేజ్ దిగిందా?" అని పలకరించింది. కేజ్ అంటే మనుషులను గనిలోకి దించే లిఫ్టు.

మొట్టమొదట పదిహేను అన్నాడు గానీ, ఆ తర్వాత ఎప్పుడు అడిగినా పెద్దాయన ఐదే అనేవాడు. ఒకసారి ఆరు. నేను మురిసిపోయాను. ఇంత తక్కువ మందులతో ఇంత బాగా నొప్పి ఆపానని ఇంట్లో మా ఆయనకు కూడా చెప్పుకున్నాను. ఆయన పొద్దున్నే బెంగళూరు రైలు పట్టుకోవాలి కాబట్టి వింటూ వింటూ నిద్రపోయాడు.

నా గొప్ప ఇంకొకటి ఉంది. మంచం పైన గోడకు ఒక అట్ట అంటించాను. ఎర్ర స్కెచ్ పెన్నుతో తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలో: నొప్పి మాత్రలు ఇవ్వకండి. నొప్పి సూదులు వేయకండి. కింద పుర్రె బొమ్మ. మా పెద్దది రంగులు వేసి పెట్టింది, అందుకని పుర్రె కాస్త నవ్వుతున్నట్టు వచ్చింది.

ఆపరేషన్ అయిన రోజు సాయంత్రం ఆ నలుగురూ వచ్చారు. ఒకే షిఫ్టులో, ఒకే గ్యాంగులో ఇరవై ఏళ్ళు పనిచేసినవాళ్ళు. గని మూతపడి ఇన్నేళ్ళయినా గ్యాంగు మూతపడలేదు. ఒకడికి జ్వరం వస్తే నలుగురూ హాజరు. వాళ్ళకు ఇప్పటికీ మేస్త్రీ ఉన్నాడు. పొట్టిగా, నిటారుగా ఉంటాడు. అట్ట ముందు నిలబడి, మిగతా ముగ్గురి చేత పైకి చదివించాడు.

"సిస్టరమ్మా, కింద రూలంటే రూలే. ఒక్కడు మరిస్తే అందరూ పోతారు. సరిగ్గా చెప్పండి, ఏమేమి ఇయ్యకూడదు?"

"నొప్పి మాత్రలు, నొప్పి సూదులు."

"మాత్రలు, సూదులు. ఇంగేమన్నా ఉండాదా?"

సరిగ్గా అప్పుడే నా జేబులో ఫోన్ మోగింది. మా అత్త తనంతట తాను ఫోన్ చేసిందంటే ఇల్లు కూలిందనే అర్థం. "అంతే, అంతే" అని చెప్పి బయటికి పరిగెత్తాను. ఇల్లు కూలలేదు. చిన్నోడు సాంబారు తిననంటున్నాడట.

ఆ తర్వాత ఆ నలుగురూ వంతులవారీగా కాపలా మొదలుపెట్టారు. పెద్దాయన చెల్లెలి కోడలు చూడటానికి వస్తే, ఆమె చేతిసంచిలో తలనొప్పి మాత్ర పట్టుకుని నా టేబుల్ మీద పెట్టారు. "దొరికినాది" అన్నాడు మేస్త్రీ. నేను డ్రిప్ మార్చబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఇది సూది కాదా?" అన్నాడు. డాక్టరు రాసింది, పరీక్ష చేసి ఇచ్చింది అని కాగితం చూపించాకే పక్కకు జరిగాడు. హెడ్ సిస్టర్ నా చెవిలో, "వీళ్ళకు జీతం ఇచ్చి మనల్ని ఇంటికి పంపితే పోలా?" అంది.

ఇక ఆ సాయంత్రానికి వస్తాను. ఆపరేషన్ అయిన మూడో రోజు.

"వీపుకు ఏం పూశారు?" అన్నాను.

మేస్త్రీ జేబులోంచి ఒక ట్యూబు తీశాడు. సగం పైగా ఖాళీ. "వీపు పట్టేసినాదంట. షిఫ్టు దిగినాక ఒకరి వీపు ఒకరం రుద్దుకొనేది మాకు అలవాటు సిస్టరమ్మా. అప్పుడు నూనె, ఇప్పుడు ఇది. మాత్ర కాదు, సూది కాదు. చూసుకొనే తెచ్చినాము."

ట్యూబు వెనక సన్న అక్షరాలు చదివాను. కేసు షీటులో ఎర్ర సిరాతో కొట్టేసిన మందు పేరు అక్కడ మొదటి వరసలో ఉంది. దాని అన్న రెండో వరసలో ఉన్నాడు.

పూత మందు కొంచెమే ఒంట్లోకి పోతుంది, నిజమే. కానీ ఇక్కడ నాలుగు జతల చేతులు వీపంతా సగం ట్యూబు రుద్దాయి, ఆ చేతులు దుంగలు మోసిన చేతులు. పైగా ఆ ఊపిరితిత్తులు ముందే సగం దుమ్ము.

పెద్దాయన మణికట్టు పట్టుకున్నాను. నాడి చూస్తున్నట్టు నటిస్తూ ఊపిరి లెక్కపెట్టడం నాకు బాగా అలవాటు. రోజూ మా పిల్లల మీద సాధన చేసేదాన్ని. నిమిషానికి ముప్పై నాలుగు. దగ్గరగా వంగితే సన్నటి పిల్లికూతలు. పై పెదవి ఒక వైపు ఉబ్బడం మొదలైంది.

బెల్లు కొట్టాను. తలుపు దగ్గరికి పోయి హెడ్ సిస్టర్‌ను కేకేశాను. ఆవిడ ఆక్సిజన్‌తో, నెబ్యులైజర్‌తో పరిగెత్తుకు వచ్చి వాసన పీల్చి, ట్యూబు చూసి, ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ తిట్టలేదంటే సంగతి ఎంత చెడ్డదో నాకు అర్థమైంది. కింద ఓపీలో ఉన్న సర్జన్‌కు కబురు పోయింది.

"వీపు కడగాలి. సబ్బు నీళ్ళు, గుడ్డలు" అన్నాను.

మేస్త్రీ ముఖం తెల్లబోయింది. ఒక్క క్షణమే. తర్వాత ఆ మనిషి గనిలోకి దిగిపోయాడు. "నువ్వు నీళ్ళు. నువ్వు గుడ్డలు. నువ్వు తలుపు కాడ నిలబడి దారి విడిపించు, డాక్టరు వస్తాడు. కదలండ్రా!" అరవై దాటిన మనుషులు అంత వేగంగా కదలడం నేను మళ్ళీ చూడలేదు. ఇద్దరు చంకల కింద చేతులు వేసి పెద్దాయనను నిటారుగా కూర్చోబెట్టి పట్టుకున్నారు. నేను కడిగాను, తుడిచాను, మళ్ళీ కడిగాను.

అప్పుడు దగ్గు మొదలైంది.

నాకు అసలు భయం దాని గురించే. ఆయాసం ఒక పక్క, దగ్గి దగ్గి కుట్లు తెగితే ఇంకో పక్క. దిండు పొట్టకు అదమాలి, అదే సమయంలో ముఖానికి మాస్కు నిలవాలి. నా చేతులు రెండే. మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని దిండును రెండు అరచేతులతో అదిమి పట్టాడు. "కప్పు నేను పట్టుకొన్నాను రా. నువ్వు దగ్గుకో" అన్నాడు.

సర్జన్ వచ్చి చూసి, తొడకు ఒక సూది, నరానికి ఒక సూది వేశాడు. అంత గందరగోళంలోనూ మేస్త్రీ తల ఎత్తి నా వైపు చూశాడు, ఇవి సూదులు కదా అన్నట్టు. నేను తలూపాను. ఆయన మళ్ళీ దిండు వైపు తిరిగాడు.

మొదటి పావుగంట ఊపిరి అంకె దిగలేదు. ముప్పై ఆరు. ముప్పై ఆరు. పెద్దాయన నా మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఆ పట్టులో ఆయన ఇంకా ఉన్నాడని నాకు తెలుస్తోంది, కానీ ఎంతసేపో తెలియడం లేదు. మనసులో దేవుళ్ళ పేర్లు ఒక్కటీ గుర్తు రాలేదు. అంకెలే లెక్కపెట్టాను. ముప్పై మూడు. మళ్ళీ ముప్పై నాలుగు. తర్వాత ముప్పై. ఇరవై ఎనిమిది అయినప్పుడు ఆయన మాస్కులోంచి ఏదో అన్నాడు. దగ్గరికి వంగాను.

"ఆ ఐసు... కరిగిపోతా ఉండాది... చూసుకో" అన్నాడు.

ఐసు సంచి నేను పడేసిన చోటే, సర్జన్ బూటు పక్కన, మడుగు కట్టింది.

ఆరున్నరకు అంకె ఇరవై రెండుకు వచ్చింది. పెదవి దిగింది. కట్టు విప్పి చూస్తే కుట్లు చెక్కు చెదరలేదు. సర్జన్ చేతులు కడుక్కుంటూ, "ఎవరి పని ఇది?" అన్నాడు.

"నాది సార్. పూత మందు సంగతి నేను చెప్పలేదు. ఇంకేమన్నా ఉందా అని అడిగినా లేదన్నాను" అన్నాను.

"కాదు సార్, నాది" అన్నాడు మేస్త్రీ. "గ్యాంగులో ఏం జరిగినా మేస్త్రీదే."

"వీపు నాది కదప్పా" అన్నాడు మాస్కులోంచి పెద్దాయన. "మీరేమిటికి కొట్టుకొంటారు?"

సర్జన్ ముగ్గురినీ చూసి, "సరి, ముగ్గురూ సంతకం పెట్టండి" అని, నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "త్వరగా పట్టావు. కానీ ఇలా పట్టుకునే అవసరమే రాకూడదు." అంతే అన్నాడు. దానికంటే తిట్టినా బాగుండేది. జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. తప్పును చిన్న అక్షరాలతో రాయకండి అని మీకు ఇక్కడే చెబుతున్నాను.

ఏడింటికి ఆయన భార్య బేతమంగళ బస్సు దిగి వచ్చింది. అక్కడ చెల్లెలింటికి పోయి, ఆయన కోసం రాగి అంబలి తెచ్చింది. జరిగింది విని, మొగుడి తల నిమిరి, ఆ చేత్తోనే ఒక మొట్టికాయ వేసింది.

"వీపు నొప్పని మీకు చెప్పలేదా తల్లీ?"

"లేదమ్మా. పొద్దున కూడా ఐదే అన్నారు."

"ఐదా?" ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాతో నలభై అన్నాడే! నిన్నటి నుంచి వీపు నలభై, కోత ముప్పై అని పొర్లాడతా ఉండాడు."

నేను పెద్దాయన వైపు తిరిగాను. ఆయన గోడ మీద నవ్వుతున్న పుర్రె వైపు తిరిగాడు.

"ఎందుకు పెద్దాయనా, నాకెందుకు చెప్పలేదు?"

ఆయన మాస్కు కాస్త పక్కకు జరిపాడు. "మొదటి పొద్దు పదిహేను అంటిని. నీ ముఖం ఇంతైపోయినాది. పరిగెత్తి పోయినావు, పరిగెత్తి వచ్చినావు, డాక్టరుకు మూడు సార్లు ఫోన్ చేసినావు. ఇంట్లో చిన్న బిడ్డలు ఉండారు, పాపం ఈ పిల్లను ఏమిటికి బెదిరించేదని... ఐదంటే నవ్వుతావు కదా."

హెడ్ సిస్టర్ కిటికీ బయటికి చూసింది.

అట్ట మీద రాయని మాట ఒక తప్పు. దాని కంటే పెద్ద తప్పు ఇది. ఆయన వీపు నొప్పి నాతో చెప్పుంటే పక్కకు తిప్పేదాన్ని, నడుము కింద దిండు పెట్టేదాన్ని, కాస్త లేపి నడిపించేదాన్ని. ట్యూబు అవసరమే ఉండేది కాదు. నొప్పి చెప్పిన మనిషి ఎదుట నేను బెంబేలు పడ్డాను, ఆయన నన్ను ఓదార్చడానికి అంకె తగ్గించాడు. పేషెంటు నర్సుకు చేసిన వైద్యం అది. మూడు రోజులు బాగా పనిచేసింది కూడా.

ఆ సాయంత్రం మళ్ళీ మొదటి నుంచి అడిగాను. కుర్చీ లాక్కుని కూర్చుని, ముఖాన్ని వీలైనంత చెక్కలా పెట్టుకుని అడిగాను. "వీపు నలభై ఐదు" అన్నాడు ఆయన, నన్ను గమనిస్తూ. "సరే" అన్నాను. "కోత నలభై." "సరే." "దగ్గితే ఎనభై." "...సరే." హెడ్ సిస్టర్ వెనక నుంచి, "ముఖం బాగానే పెట్టినావు, చెయ్యి చూడు" అంది. నా చేతిలో పెన్ను మూత నలిగిపోయి ఉంది.

ఆ అంకెలతో సర్జన్‌కు ఫోన్ చేస్తే, మత్తు డాక్టరును పిలిపించి కోత దగ్గర మళ్ళీ మొద్దుబారే మందు వేయించాడు. వాంతులు తెచ్చిన మందునే చాలా తగ్గించి, ముందుగా వాంతికి అడ్డు మందు ఇచ్చి వేశాం. వీపుకు వేడి నీళ్ళలో పిండిన తువ్వాలు, కోతకు దూరంగా. రుద్దడం మాత్రం మాన్పించలేదు. మేస్త్రీ రెండు అరచేతులూ నా ముందు చాపి, "చూడండి, ఏమీ లేదు. ఒట్టి చెయ్యి" అని చూపించి మరీ రుద్దాడు. ఎనిమిదికి పెద్దాయన అన్నాడు, "పన్నెండు." నేను నమ్మలేదు. ఆయన భార్యను అడిగాను. ఆవిడతో కూడా పన్నెండే అన్నాడట. అప్పుడు ఇంటికి బయల్దేరాను.

అట్ట మార్చాను కూడా. మొదట పూత, స్ప్రే, పట్టీ, పొడి, కషాయం అని రాసుకుంటూ పోయాను. హెడ్ సిస్టర్ చదివి, "ఇది బోర్డా, రేషన్ లిస్టా?" అని చింపేసింది. చివరికి ఒక్క వాక్యమే మిగిలింది: లోపలికి పోయేదైనా, పైన పూసేదైనా, సిస్టర్‌ను అడిగిన తర్వాతే. ఆయన ఎనిమిది రోజులకు డిశ్చార్జి అయ్యి, తన కాళ్ళ మీద తాను నడిచి పోయాడు. నలుగురూ ముందు నడిచి దారి విడిపించారు, దారిలో ఎవరూ లేకపోయినా.

ఆ ట్యూబు రోజు రాత్రి నేను ఇంటికి చేరేసరికి పిల్లలు పడుకున్నారు. దుప్పటి సర్దబోతే పెద్దదాని మోకాలి మీద చెక్కు కట్టిన గాయం కనబడింది. పచ్చిగా లేదు, రెండు మూడు రోజులది. బెండకాయంత పొడవుంది. నాకు ఎవరూ చెప్పలేదు.

పొద్దున్నే జడ వేస్తూ, సాధ్యమైనంత మామూలుగా అడిగాను. "మోకాలికి ఏమైంది?"

"ఏం లేదు" అంది గబగబా. గౌను కిందికి లాక్కుంది.

"గోడ దూకినాది" అన్నాడు చిన్నోడు. "నీకు చెప్పొద్దని నాకు చాక్లెట్ ఇచ్చినాది."

"నొప్పి పుట్టిందా?"

అది అద్దంలో నా ముఖం చూసింది. చూసి, అచ్చం ఆ పెద్దాయన గొంతుతో, "కొంచెమే అమ్మా" అంది.

దువ్వెన పక్కన పెట్టి ఇద్దరినీ నా ముందు నిలబెట్టుకున్నాను. "మీకు దెబ్బ తగిలితే నాకు చెప్పండి. ఎంత నొప్పి ఉంటే అంత చెప్పండి, తగ్గించొద్దు. నేను భయపడతాను. ముఖం మాడ్చుకుంటాను, అరుస్తానేమో కూడా. అది నా బాధ, నేను చూసుకుంటాను. మీరు మాత్రం చెప్పండి" అన్నాను.